డిక్కీ వెనక నా చోటు

మా అత్తగారింటి కారుకు నాలుగు తలుపులుండేవి. నా చోటు మాత్రం ఆ నాలుగింటిలో దేని లోపలా ఉండేది కాదు. డిక్కీ వెనక, కుడిచేతి వైపు. ఎడమచేతి వైపు మా అత్తగారిది. లోపల స్టీరింగు ముందు మామగారు, ఆయన పక్క సీట్లో మా ఆయన. బండి స్టార్టయ్యాక మేమిద్దరం కూడా పరుగెత్తుకెళ్లి వెనక సీట్లో కూలబడేవాళ్లం, లేదని అనను. కానీ ఆ బండి తనంతట తాను స్టార్టయిన రోజులు పండగల కంటే తక్కువ. కాబట్టి మా చోటు వెనక సీటని చెప్పుకోవడం కాస్త గొప్పలు పోవడమే.

నేను తోసే చోటికి సూటిగా ముందు, ఒక్క కారు పొడవు దూరంలో డ్రైవరు సీటు. నాకు కావలసింది అదొక్కటే. తిరగడానికి బండి లేక కాదు, నాకు సొంత స్కూటరుండేది. నారాయణగూడలో నేను పాఠాలు చెప్పే కాలేజీకి దాని మీదే వెళ్లొచ్చేదాన్ని. ఈ ఇంట్లో తోసేవాళ్లు ఎప్పుడూ తోస్తూనే ఉండాలని, కూర్చునేవాళ్లు ఎప్పుడూ కూర్చునే ఉండాలని ఎవరు రాసిపెట్టారన్నదే నా తగువు. అది తేలడానికి పాతికేళ్ల పైనే పట్టింది. మొన్న కారు అమ్మేసిన రోజు తేలింది.

ఆ కారు ఏ కంపెనీదో చెప్పను. వాళ్లు చేసినప్పుడు బాగానే చేసి ఉంటారు, పాపం. మా మామగారి చేతికి వచ్చేనాటికే అది ఇద్దరి చేతులు మారింది. మామగారు సర్కారు ఆఫీసులో లెక్కలు చూసి రిటైరైన మనిషి. వచ్చిన డబ్బులో కొంత ఇంటి పైన గది వేయడానికి తీసి పెట్టుకున్నారట. తోటి ఉద్యోగి ఒకాయన బదిలీ మీద వెళ్లిపోతూ కారు అమ్ముతానంటే గది సంగతి మరచిపోయి కారు తెచ్చారు. వెన్నరంగు కారు. మా పెళ్లయిన ఏడాదే వచ్చింది గనక చుట్టాలు కొందరు అది మా పుట్టింటివాళ్లు పెట్టారనుకున్నారు. మా నాన్న ఆ మాట విని, "నేను పెడితె నడిచే కారు పెడుదును" అన్నాడు.

మా పుట్టిల్లు చిక్కడపల్లి. తాతల కాలం నుంచీ అక్కడే. అత్తగారివాళ్లు గోదావరి వైపు నుంచి ఉద్యోగాలకొచ్చి అశోక్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్నవాళ్లు. రెండిళ్ల మధ్య దూరం నడిచిపోతే టీ చల్లారేంత. అయినా సంబంధం కుదిరినప్పుడు మా మేనత్త, "గంత దూరపోళ్లకు ఇస్తున్నరా పిల్లను?" అని ముక్కు మీద వేలేసుకుంది.

నేను మొదటిసారి కారు తోసింది కొత్తకోడలిగా, పట్టుచీరలో. నారాయణగూడలో ఏదో పెళ్లి. మామగారు తాళం తిప్పారు. లోపలెక్కడో ముసలాయన దగ్గినట్టు ఒక చప్పుడు, అంతే. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. అత్తగారు మాత్రం ఎవరూ చెప్పకుండానే దిగారు.

"అమ్మాయ్, కొంగు దోపుకో."

"ఎందుకత్తమ్మా?"

"చెప్తాను కదా. ముందు దోపుకో. ఇలా రా, నా పక్కన నిలబడు. చేతులు డిక్కీ మీద పెట్టు. అద్దం మీద పెట్టకు, మరకలు పడితే మీ మామయ్యగారికి నచ్చదు."

"వాళ్లిద్దరు దిగరా?"

"ఆయన క్లచ్ చూసుకోవాలి కదా."

"మరి మీ అబ్బాయి?"

"వాడు పక్కన కూర్చుని దారి చెప్పాలి."

నేను సందు ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాను. "ఈ సందుకు ఉన్నదే ఒక్క దారి గదా అత్తమ్మా. గదేం జెప్తడు?"

అత్తగారు నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కున్నారు. "తొయ్యవే, మాట్లాడకుండా."

మా సందు వాలు నాలా వైపు. హుస్సేన్‌సాగర్ నుంచి నీళ్లు తెచ్చే ఆ నాలా మా వీధి చివరే పారుతుంది. చిక్కడపల్లికి వెళ్లాలన్నా, నారాయణగూడకు వెళ్లాలన్నా ఎదురుదిశలో ఎక్కాలి. మా కారు మాత్రం ఎక్కడికి బయల్దేరినా ముందు నాలా వైపే దిగేది, ఎందుకంటే వాలులోనే ఊపు వస్తుంది. ఆ ఊపు సరిగ్గా అందుకున్న క్షణాన క్లచ్ వదలాలి. ముందు వదిలితే బండి ఎక్కిళ్లు పెట్టి ఆగిపోతుంది. ఆలస్యంగా వదిలితే సందు అయిపోయి నాలా గోడ వచ్చేస్తుంది. ఆ క్షణం ఎప్పుడొచ్చిందో స్టీరింగు ముందు కూర్చున్నవాళ్లకు తెలియదు. తోసేవాళ్ల అరచేతులకు తెలుస్తుంది. బరువు ఒక్కసారిగా తేలికై, బండి మన చేతుల్లోంచి జారిపోతున్నట్టుంటుంది. అదే ఆ క్షణం.

ఆ సంగతి మామగారికి చెప్పడమెలా? మొగుణ్ని నడివీధిలో కేకేసి పిలవడం అత్తగారి ఇంటా వంటా లేదు. డిక్కీని కొట్టడానికి మాత్రం ఆవిడకు అభ్యంతరం లేదు. అరచేత్తో రెండు దెబ్బలు, దబ్ దబ్. లోపల మామగారు క్లచ్ వదిలేవారు. ఇంజను అందుకునేది. ఆయన మెడ నిక్కించి అద్దంలోంచి వెనక్కి చూసేవారు, అంతా తన చేతి చలవేనన్నట్టు. ఆవిడ కొట్టిన దెబ్బలకే బండి కదిలిందని ఆయన ఒక్కనాడూ ఒప్పుకోలేదు. ఆవిడా అడగలేదు. అడగాలని నాకే ఉండేది.

ఆ పెళ్లి పందిట్లోకి నేను అరచేతులు వెనక్కి దాచుకుని వెళ్లాను. ఎవరో పెద్దావిడ ఎదురొచ్చి, "కారులో వచ్చారా?" అని అడిగింది.

"కారులోనే వచ్చాం!" అన్నారు అత్తగారు, నుదుటి చెమట కొంగుతో అద్దుకుంటూ.

"కారెనక వచ్చినం," అన్నాను నేను మెల్లగా. అత్తగారు నా జబ్బ గిల్లారు. ఆ తర్వాత నా హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఒక పాత తువ్వాలు ఉండేది, చేతులు తుడుచుకోవడానికి. ఇద్దరికీ అదే.

బండి ఒకసారి స్టార్టయ్యాక ఇక ఆపకూడదు. అది రెండో నియమం. నారాయణగూడ మార్కెట్టుకు వెళ్తే మామగారు ఇంజను ఆపకుండా రోడ్డు పక్కన కూర్చుని ఉండేవారు. మేమిద్దరం దిగి, బేరమాడకుండా, ఏరుకోకుండా, రైలు కదిలిపోతున్నట్టు కూరలు పోయించుకుని పరుగెత్తుకొచ్చేవాళ్లం. బేరమాడని ఆడవాళ్లం కనుక అక్కడ మాకు మర్యాద ఎక్కువ. పుచ్చు వంకాయలన్నీ మాకే వచ్చేవి. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద పూలమ్మే ఆవిడకు మా కారు చప్పుడు దూరం నుంచే తెలిసేది. మూర కొలిచి పెట్టుకుని, బండి మెల్లగా దగ్గరికి రాగానే కిటికీలోంచి అత్తగారి ఒళ్లోకి విసిరేది. డబ్బులు తిరుగు ప్రయాణంలో.

"మామయ్యా, గింత పెట్రోలు కాలవెట్టి తెచ్చిన టమాటలు కిలో ఎంత వడ్డయో లెక్క చేసిండ్రా? లెక్కల ఆఫీసుల పనిచేసిండ్రు గదా," అని అడిగానోసారి.

"కారున్నాక పెట్రోలు కాలుతుందమ్మా," అన్నారాయన శాంతంగా. ఆయనతో తగువు పెట్టుకోవడం గోడకు సున్నం వేసినట్టుండేది. ఎంత వేసినా పీల్చేసుకునేది.

మెకానిక్కుతో అలా కాదు. అతను మాటకు మాట ఇచ్చేవాడు. నారాయణగూడలో ఒక సందులో రేకుల షెడ్డు. మా కారు మా ఇంటి ముందు ఎన్ని రోజులుండేదో అక్కడా అన్ని రోజులుండేది.

"ఏమైంది భయ్యా మళ్లా? మొన్ననే గదా కొత్త బ్యాటరీ ఏపిచ్చినం."

"బ్యాటరీ ఏ-వన్ ఉన్నదక్కా. ఇప్పుడు సెల్ఫ్ మోటార్ పరేషాన్ చేస్తున్నది."

"అది బాగైనంక?"

"వైరింగ్ జర చూసుకోవాలె."

"వైరింగ్ బాగైనంక?"

"అప్పటికి బ్యాటరీ పాతదైతది గదక్కా."

ఇంత నిజాయితీగా మోసం చేసే మనిషిని ఏమనగలం? "మీ ఇంటి మీద కొత్త రూమ్ ఏసినవంట గదా?" అన్నాను.

"అంతా మీ దయ అక్కా."

"నా దయ కాదు. మా మామ ఏద్దామనుకున్న గదే అది. మా ఇంటి మీదికెళ్లి మీ ఇంటి మీదికి వచ్చింది."

అతను పగలబడి నవ్వి టీ తెప్పించాడు. పక్కనే ఉండి విన్న మామగారు మాత్రం టీ ముట్టకుండా వెళ్లి కారులో కూర్చున్నారు.

మరి అమ్మేయొచ్చు కదా అని మీరడుగుతారు. నేనూ అడిగాను, అన్నం దగ్గర, టిఫిన్ దగ్గర, చుట్టాల ముందు కూడా. మా ఇంటి మగవాళ్ల దగ్గర దానికో తర్కం ఉండేది. రిపేరుకు ముందు అమ్ముదామంటే, చెడిపోయిన కారు ఎవరు కొంటారనేవారు. రిపేరయ్యాక అమ్ముదామంటే, ఇంత పెట్టి బాగుచేయించుకుని ఇప్పుడెవడైనా అమ్ముకుంటాడా అనేవారు. ఈ రెంటి మధ్య ఆ కారు మా ఇంట్లో దర్జాగా ముసలిదైంది. నా జీతంలోంచి కూడా క్లచ్ ప్లేట్లు పడ్డాయి, రేడియేటరు పడింది. ఒకసారి గొలుసు కొనుక్కుందామని దాచుకున్నది కార్బురేటరు మింగింది. మెడలో వేసుకోవలసినది బానెట్టు కింద ఉందని మా ఆయనతో అంటే, "నీ సొమ్ములోనే కదే మనమంతా తిరుగుతున్నాం," అన్నాడు. ఆయనకు తగువు పెట్టుకోవడం రాదు. ఇలాంటి తియ్యటి మాటలు వచ్చు. అది ఇంకా కష్టం.

వానాకాలం నాలా పొంగిందంటే సందులోకి నీళ్లొచ్చేవి. కారు కడుపు దాకా మునిగేది. నీళ్లు తీశాక సీట్లు విప్పి డాబా మీదికి చేర్చి, వడియాల పక్కన ఎండబెట్టేవాళ్లం. మూడు నాలుగు ఎండలు తగిలాక అత్తగారు ఆ ముందు సీటు మీద కూర్చుని, కాకుల్ని తోలుతూ వడియాలకు కాపలా కాసేవారు. కారులో ఉండగా ఆవిడ ఆ సీటు మీద కూర్చోవడం నేను చూడలేదు. మా ఆయన ఊళ్లో లేనప్పుడు కూడా అది ఖాళీగా వెళ్లేది, లేకపోతే కూరల సంచులు కూర్చునేవి.

"మీరు ముందట కూసోవచ్చు గదా అత్తమ్మా?"

"అక్కడ కూర్చుంటే దారి చెప్పాలి కదే. నాకు దారులేం తెలుసు?"

నలభై ఏళ్లుగా అశోక్‌నగర్‌లో ఉంటున్న మనిషి. చిక్కడపల్లిలో ఏ వీధిలో ఎవరింట్లో కరివేపాకు చెట్టుందో చెప్పగల మనిషి.

నేను డ్రైవింగు నేర్చుకున్నాను. ఉదయం పూట ఇందిరా పార్కు వైపు రోడ్డు మీద, ఒక డ్రైవింగు స్కూలువాళ్ల కారులో. తాళం తిప్పగానే స్టార్టయ్యే కారు ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. మొదటి రోజు అలవాటు కొద్దీ తలుపు తీసుకుని దిగబోతే, "మేడమ్, ఎక్కడికి?" అన్నాడు నేర్పే అతను. లైసెన్సు చేతికొచ్చిన పొద్దున దాన్ని పెసరట్ల పళ్లెం పక్కన పెట్టాను. మామగారు కళ్లజోడు సవరించుకుని చూశారు.

"ఫొటో బాగా వచ్చిందమ్మా," అన్నారు. మళ్లీ అల్లం చట్నీలోకి దిగిపోయారు.

"మంచిదే, అవసరానికి పనికొస్తుంది," అన్నాడు మా ఆయన.

"ఆ అవసరం ఎప్పుడొస్తది?"

"వచ్చినప్పుడు చూద్దాంలే."

వచ్చింది. మామగారికి కంట్లో శుక్లాలు తీశారు. కంటి మీద ఆకుపచ్చ గుడ్డ, బరువులెత్తకూడదు, వంగకూడదు. డాక్టరుకు మళ్లీ చూపించుకోవలసిన రోజున ఆటోలు బంద్. మా ఆయన ఆఫీసు పని మీద వరంగల్ వెళ్లాడు. డాక్టరు ఉండేది నారాయణగూడలో.

"నా స్కూటర్ మీద కూసోండ్రి మామయ్యా, పది నిమిషాలల్ల దింపుత."

"కోడలి వెనక స్కూటరు మీద కూర్చుని బజారంట వెళ్లనా? బాగుంది."

"స్కూటర్ ఎక్కరు. ఆటోల్లేవు. నడవొద్దన్నరు. ఇగ ఎత్తుకొని పోవాల్నా?"

అత్తగారు లేచారు. గోడకు తగిలించిన కారు తాళాలు తీసి నా చేతిలో పెట్టారు. మామగారు ఒంటికన్నుతో ఆ తాళాల వంక, నా వంక చూసి, వెళ్లి వెనక సీట్లో కూర్చున్నారు. తన కారులో ఆయన వెనక సీటు ఎక్కడం అదే మొదటిసారి. కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు ఆయనకు.

తోయడానికి అత్తగారొక్కరే మిగిలారు. అప్పటికే మా సందు నిండా హాస్టళ్లు లేచాయి. గ్రూప్స్ పరీక్షలకు చదువుకునేవాళ్లు జిల్లాల నుంచి వచ్చి వాటిల్లో ఉండేవారు. టీ బండి దగ్గర రాజ్యాంగం గురించి కొట్లాడుకుంటున్న నలుగురు అత్తగారిని చూసి పరుగెత్తుకొచ్చారు.

"మీరు జరుగుండ్రి పెద్దమ్మా, మేం తోస్తం."

"తొయ్యండి నాయనా. కొట్టేది మాత్రం నేనే."

"ఎవర్ని పెద్దమ్మా?" అన్నాడొకతను భయంగా.

స్టీరింగు ముందు కూర్చుని, క్లచ్ తొక్కి పట్టుకుని, ఆ దెబ్బల కోసం ఎదురుచూశాను. అన్నేళ్లు వెనక నిలబడిన మనిషిని. కాలి కింద బండి తేలికవుతుండగా, దెబ్బలు పడకముందే నాకు తెలిసిపోయింది. దబ్ దబ్. వదిలాను. ఇంజను అందుకుంది. నాలా గోడ దగ్గర తిప్పుకుని వచ్చి అత్తగారిని ఎక్కించుకున్నాను. వెనక సీట్లోంచి మామగారు దారంతా, "బ్రేకు... హారను... ఎడమ పక్క చూడు... ఆ బస్సుకు దారివ్వు" అంటూనే ఉన్నారు. ఒంటికన్నుతో అన్ని చూడగలిగారంటే ఆపరేషన్ బాగా అయినట్టే.

నారాయణగూడ ఫ్లైఓవర్ మొదట్లో ఆ బ్రేకుల గోలలో బండి కాస్తా ఆగిపోయింది. వెనక బస్సులు హారన్లు మొదలుపెట్టాయి. మామగారు దిగి నా తలుపు దగ్గరికి వచ్చారు.

"లేమ్మా. నేను చూసుకుంటా."

"ఒక్క కంటితోనా?"

"ఈ కారును నేను కళ్లు మూసుకుని నడుపుతా."

"రోడ్డు మీద ఉన్నోళ్లు కండ్లు తెరుచుకొనే ఉన్నరు మామయ్యా. నేను లేవ."

ట్రాఫిక్ పోలీసు వచ్చాడు. "మేడమ్, ముందు బండి పక్కకు తియ్యిండ్రి. కొట్లాట ఇంటికి పోయి పెట్టుకోండ్రి."

నేను లేవలేదు. అత్తగారు దిగి వెనక్కి వెళ్లారు. పోలీసతను ఆవిడ పక్కన నిలబడి, అంటే నా చోట్లో నిలబడి, తోశాడు. మామగారు బండి పక్కనే, చేతులు వెనక్కి కట్టుకుని, వాకింగుకు వచ్చినట్టు నడిచారు. రెండు దెబ్బలు పడ్డాయి. బండి కదిలింది. అత్తగారితో పాటు ఎక్కి, డాక్టరు దాకా ఆయన రెండు చేతులా ముందు సీటు పట్టుకుని కూర్చున్నారు.

ఇక ఆ సీటు నాదే అనుకున్నాను. కన్ను బాగుపడగానే తాళాలు మళ్లీ ఆయన జేబులోకి వెళ్లాయి. "అవసరం తీరింది కదమ్మా," అన్నారు. మర్నాడు కొంగు దోపుకుని డిక్కీ వెనక నిలబడ్డాను. తోస్తూ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. అత్తగారు విన్నారు, చాలు.

మామగారు పోయాక సీటు మా ఆయనకు వచ్చింది. వాళ్ల నాన్నలాగే మెడ నిక్కించి అద్దంలోంచి చూడటం కూడా వచ్చింది. "నేను నడుపుత" అంటే ఆయన కాదనడు. "రేపు" అంటాడు. కారును బాగుచేయించడం మాత్రం మానలేదు. సీటు కింద మామగారు అద్దాలు తుడుచుకునే పసుపుపచ్చ గుడ్డ ఇంకా ఉండేది. ఆ గుడ్డ ఉన్నంతకాలం ఈయన అమ్మడని నాకు తెలుసు. అత్తగారికి తోసే ఓపిక పోయింది. గేటు మెట్టు మీద నిలబడి కళ్లతోనే ఊపు కొలిచి, రెండు చప్పట్లు కొట్టేవారు. తోసేది నేనూ, హాస్టలు అబ్బాయిలూ. నోటిఫికేషన్ పడేదాకా మా కారే వాళ్లకు వ్యాయామం. పడిందంటే లైబ్రరీల్లోకి మాయమయ్యేవారు, అప్పుడు నేనొక్కదాన్నే. మా అమ్మాయి పెద్దదై, "నేను క్యాబ్ బుక్ చేసుకుంటా, మీరు తోసుకుంటూ రండి," అనేది.

మధ్యాహ్నాలు అత్తగారు గేటు లోపల నిలిపిన కారు వెనక తలుపు తీసుకుని, సీటు మీద కూర్చుని గోంగూర ఒలుచుకునేవారు. ఎందుకక్కడ అంటే, గాలి బాగా వస్తుందనేవారు. ఫ్యాను కింద రాని గాలి. నేనింకేం అడగలేదు. అన్నిచోట్లా తగువు పెట్టుకోవలసిన పని లేదని నాకూ తెలుసు.

పోయిన వానాకాలం నీళ్లు సీట్ల దాకా వచ్చాయి. ఇంజను విప్పాలంటే కారు విలువకు మించి అవుతుందని మెకానిక్కే చెప్పాడు. మా కారు వద్దని అతను అనడమంటే, ఇక అయిపోయినట్టే. ఎలాగో శుభ్రం చేసి, ఒక్కసారి నడిచేటట్టు మాత్రం చేసి పెట్టాడు, దానికి డబ్బులు కూడా తీసుకోలేదు. పాత కార్లు కొని విప్పి అమ్ముకునే అతనొకడు కాచిగూడ వైపున్నాడు. వచ్చి చుట్టూ తిరిగి చూసి, "అన్నా, ట్రాలీ తెప్పిస్తే దాని కిరాయి కట్ చేస్త. నడుస్తది అంటే మీరే షెడ్డు దాక తెచ్చియ్యిండ్రి," అన్నాడు.

మా ఆయన పసుపుపచ్చ గుడ్డ తీసి జేబులో పెట్టుకున్నాడు. తాళాలు చేతిలో ఆడిస్తూ తలుపు తీశాడు. నేను ఆ తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"రేపు రేపు అన్నరు గదా. ఇగ రేపు లేదు దీనికి."

"ఇప్పుడెందుకే గొడవ? దారిలో ఆగిపోతే?"

"ఆగిపోతె తోస్తరు. మీకు చేతుల్లేవా?"

"నాకు తోయడం రాదు కదే."

అది నిజం. ఇన్నేళ్లలో ఆయన ఒక్కసారీ తోయలేదు. కొనేవాడు నా వంకా ఆయన వంకా చూస్తున్నాడు. గేటు మెట్టు మీద చప్పట్లకు సిద్ధంగా నిలబడ్డ అత్తగారు మెట్టు దిగారు. గోడ పట్టుకుని, కారు పట్టుకుని ముందు తలుపు దాకా నడిచారు. ఆ తలుపు తీయడం ఆవిడకు రాలేదు, నేను తీశాను. ముందు సీట్లో కూర్చుని చీర కుచ్చిళ్లు సర్దుకున్నారు.

"అమ్మాయి నడుపుతుంది. నేను దారి చెప్తాను," అన్నారు. "నువ్వెళ్లి తొయ్యరా."

కొడుకు నోరు తెరిచాడు.

"చేతులు అద్దం మీద పెట్టకు," అన్నారు ఆవిడ.

మా ఆయనా, కొనడానికొచ్చిన అతనూ, టీ బండి దగ్గరున్న ఒకరిద్దరూ తోశారు. తోయడం రాని మనిషి తోస్తే ఎలా ఉంటుందో అద్దంలో చూశాను. చొక్కా పైకి లేచి, ఒక చెప్పు జారి. వెనక నుంచి దెబ్బలు పడవని తెలుసు. బండి తేలికవుతున్నది నాకు తెలుస్తూనే ఉంది. అయినా కాసేపు ఆగాను. అత్తగారు అరచెయ్యెత్తి డాష్‌బోర్డు మీద కొట్టారు, దబ్ దబ్.

ఇంజను అందుకుంది.

మా ఆయనకోసం ఆగలేదు. ఆపకూడదు కదా. "స్కూటర్ మీద వెనక రండ్రి!" అని కిటికీలోంచి అరిచాను.

అత్తగారు దారి చెప్పడం మొదలుపెట్టారు. కాచిగూడకు సూటిగా వెళ్లే దారి చెప్పలేదు. చిక్కడపల్లి మెయిన్ రోడ్డుకు పోనివ్వమన్నారు. మెట్రో స్తంభాల పక్కన, పూలమ్మే ఆవిడ ఉండేచోట ఇప్పుడు ఆవిడ కోడలు కూర్చుంటుంది. బండి మెల్లగా చేశాను. ఆ పిల్ల తలెత్తి, చప్పుడు గుర్తుపట్టి, మూర కొలవకుండానే ఒక దండ కిటికీలోంచి విసిరింది. అత్తగారు పట్టుకున్నారు. తర్వాత మా పుట్టింటి సందు ముందు నుంచి. తర్వాత నారాయణగూడ, మార్కెట్టు, మెకానిక్కు షెడ్డు. అతను స్పానరు చేత్తోనే సలాం చేశాడు. ఫ్లైఓవర్ దగ్గరికి వచ్చేసరికి, "ఇక్కడ మీ మామయ్యగారు నడిచారు," అన్నారు అత్తగారు. "నువ్వు సీటు మీంచి లేస్తావేమోనని భయపడ్డాను తెలుసా ఆ రోజు."

"లేవనేమోనని గాదా?"

"లేస్తావేమోనని," అన్నారావిడ మళ్లీ, అక్షరం అక్షరం విడిగా పలుకుతూ.

బర్కత్‌పుర మీదుగా తిప్పి, పెట్రోలు ముల్లు పూర్తిగా పడుకున్నాక కాచిగూడ షెడ్డు గేటు ముందుకు తెచ్చాను. మా ఆయన, కొనేవాడు అప్పటికే అక్కడ కాచుకుని ఉన్నారు. ఇంజను ఆడుతూనే ఉంది. తాళం తిప్పి ఆపాలి. నా చెయ్యి పోలేదు. గేరులో ఉంది బండి, కాలి కింద క్లచ్ ఉంది. అత్తగారు ఎదురుగా షెడ్డులో విప్పేసిన కార్లను చూశారు. పూలదండ తీసి అద్దానికి తగిలించారు. చెయ్యెత్తి డాష్‌బోర్డు మీద రెండు దెబ్బలు కొట్టారు.

అలవాటు. కాలు దానంతటదే వదిలేసింది. బండి ఒక్క ఎగురు ఎగిరి, సగం గేటు లోపల, సగం బయట ఆగిపోయింది.

"దిగండ్రి అమ్మా, మేం లోపలికి తోసుకుంటం," అన్నాడు కొనేవాడు.

నా చెయ్యి తలుపు మీదికి వెళ్లింది. అత్తగారు నా మణికట్టు పట్టుకున్నారు.

"మనం దిగొద్దు," అన్నారు.

దిగలేదు. మా ఆయన వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. కుడిచేతి వైపు, అద్దం మీద చెయ్యి పెట్టకుండా.